ఎనిమిది వాట్లు

గ్లాస్గోలో వాన పడదు,
కాపురముంటుంది.
లిఫ్టు చెడిపోయిన పద్నాలుగు అంతస్తులు
భుజాన సంచీతో ఎక్కుతున్నాను.
సంచీలో ఆరు బల్బులు, తలుపు సందుల్లో అతికించే నురుగు పట్టీలు,
నాలుగు భాషల్లో అచ్చేసిన కాగితం.
నాలుగింట్లోనూ అది ఒకే మాట అంటుంది:
ఆర్పండి.

అలెప్పోలో నేను ఎలక్ట్రీషియన్ని.
యుద్ధం ముదిరాక
వీధి చివర జనరేటరు వాడి దగ్గర
ఆంపియర్ల లెక్కన కరెంటు కొనుక్కున్నాం,
వంకాయల్లాగా, బేరమాడి.
రెండు ఆంపియర్లంటే ఫ్రిజ్జు. లేదంటే టీవీ, మూడు లైట్లు.
ఇక్కడ నాకు పొదుపు పాఠం చెప్పిన కుర్రాడికి
ఈ సంగతి చెప్పలేదు.
శ్రద్ధగా రాసుకున్నాను. ఉద్యోగం కావాలి కదా.

మూడో అంతస్తులో షిలాన్.
అన్నం ఉడుకు పట్టగానే గిన్నె దించి
తన కోటులో చుట్టి, బొత్తాలు కూడా పెట్టి
మంచం మీద పడుకోబెట్టింది.
"అరగంట. ఇక పొయ్యితో పనిలేదు.
మా అమ్మ కొండల్లో ఇలాగే వండేది, గొర్రెతోలుతో."
నా కాగితంలో ఈ ఉపాయం లేదు.
వెనకవైపు పెన్సిలుతో రాసుకున్నాను.

తొమ్మిదో అంతస్తులో అబకర్ ముసలాయన
రాత్రిళ్ళు ఫ్రిజ్జు ఆపేస్తాడు, పాలు విరిగిపోతాయి.
హీటరు మాత్రం
బార్లా తెరిచిన కిటికీ కింద వెలుగుతూ
క్లైడ్ నది మీది ఆకాశాన్ని కాచుతుంటుంది.
మూసిన గదిలో ఊపిరాడదట.
లారీ అడుగున వచ్చాడు, తొంభై గంటలు.
కిటికీ మూయమని నేననలేదు.
హీటరును మంచం దగ్గరికి జరిపాం, ఇద్దరం,
పెళ్ళికూతురి బీరువా మోస్తున్నంత జాగ్రత్తగా.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు.
ఇక్కడ మీటరు కార్డులో డబ్బుండగానే.
అయిపోయే ముందు అదొక కూత కూస్తుంది,
పిట్ట కూత కాదు,
గుమ్మంలో అప్పులవాడి దగ్గు.

పద్నాలుగు. లెతెబ్రహాన్.
కాఫీ గింజలు వేయిస్తోంది. పొగ నా మీదికి విసిరింది, మర్యాదకి.
మూడు విడతలు తాగాలి. మూడోది దీవెన,
దీవెన వద్దని లేచేవాడు ఎవడుంటాడు?
"కావలసిన కప్పులకు సరిపడా నీళ్ళే మరిగించండి"
అని కాగితంలో ఉంది.
ఎన్ని కప్పులు కావాలని అడిగాను.
"ఎవరొస్తారో ముందే ఎలా తెలుస్తుంది?" అంది.

నడవ చివరి గదిలో పట్టపగలు లైటు.
అరవై వాట్ల పాత బల్బు.
గదిలో ఎవరూ లేరు, కుర్చీ కూడా లేదు.
రాత్రంతా వెలుగుతుందా?
తలూపింది.
లెక్క వేసి చూపించాను: ఏడాదికి ఇంత,
ఆ డబ్బుకు ఇన్ని కాఫీ పొట్లాలు.
చివరిదాకా విని, కప్పు కింద పెట్టింది.

"ఎడారిలో, గోదాములో, ఏడు నెలలు.
నా వంతు చీకటి నేను వాడేశాను నాయనా.
ఇంకొకరి వంతు నాకెందుకు?"

జనరేటరు వాడు గుర్తొచ్చాడు.
తూకంలో మోసగాడే.
కానీ ఏ రాత్రీ నన్ను
లైటు దేనికని అడగలేదు.

వంటగదిలోంచి కుర్చీ తెచ్చుకున్నాను.
స్విచ్చి కట్టేయాలి కదా, ఒక్క నిమిషమే.
ముందు నా ఫోను టార్చి వెలిగించి
ఆమె చేతిలో పెట్టాను.
పాత బల్బు వేళ్ళు చురుక్కుమనిపించింది.
కొత్తది బిగించాను, ఎనిమిది వాట్లు.
గది ఇందాకటంతే అయింది.

"రాత్రంతా ఉంచుకోవచ్చా?"
"పగలు కూడా," అన్నాను,
మా ఆఫీసు వినకూడని మాట.

ఫారంలో ఒక గడి ఉంది: సలహా పాటించారా?
ఎవరు, ఎవరిది అని లేదు.
టిక్కు పెట్టాను.

మెట్లు దిగుతుంటే షిలాన్ ఎదురైంది,
ఆఫీసులు తుడిచే రాత్రి డ్యూటీకి బయలుదేరి.
ఆ కోటే ఒంటిమీద.
వానలోకి నాకంటే ముందు నడిచింది
వెనకాల అన్నం వాసన విడుస్తూ.